మోకు ముట్టని మనిషి

నా బిడ్డ ఫోటో పేపర్ల పడ్డనాడు కోరుట్ల బస్టాండు కాడి దుకాణంల ఉన్న కాపీలన్నీ నేనే కొన్న.

"ఏం టీచరమ్మా, మిర్చీలకు పొట్లాలు కడ్తవా?" అన్నడు దుకాణమాయన.

"కడ్త, లేకుంటే గోడకు అతికిచ్చుకుంట. పైసలైతే ఇచ్చిన గదా, ఇంక నీకేంది?" అన్న.

మాట మిగిలిచ్చుకునుడు నాకు రాదు. జగిత్యాల కాలేజీల బి.ఏ. చదివేటప్పుడు గూడ లెక్చరరు ఒకటి చెప్తే నేను రెండు అడిగేదాన్ని. ఇప్పుడు కోరుట్లల ఒక ప్రైవేటు బడిల సోషల్ చెప్త. మా ఆయన దుబాయిల ఉన్నన్ని ఏండ్లు మా ఇంటికి తాళం లేకున్నా నడిచిందట, నా నోరు జూసే దొంగలు అటు దిక్కు రాలేదట. ఈ ముచ్చట ఆయనే అందరికి చెప్తడు, మెచ్చుకుంటుండో తిడుతుండో ఇప్పటికీ నాకు తెల్వదు.

ఫోటోల నా బిడ్డ ఖాకీ బట్టలల్ల నిటారుగ నిలవడ్డది. సిరిసిల్ల దిక్కు ఒక ఠాణకు అది ఎస్సై. ఊరి పేరు రాయను, ఆ ఊరోళ్లు ఒకసారి పేపరెక్కింది సాలు. టేబులు ముంగట కుర్చీల పెద్దసారు కూసోని మైకుల మాట్లాడుతుండు. ఎనుక ఒక మనిషిని నిలవెట్టి మొఖం మీద తువ్వాల కప్పిండ్రు. ఆ ఊర్లె కల్లు తాగినోళ్లు చానమంది మత్తెక్కి పడిపోయిండ్రు, ఒక ముసలమ్మ ఇంకా దవాఖానలనే ఉన్నది. జనం రోడ్డు మీద కూసోని బస్సులాపి లొల్లి చేసిండ్రు. కల్లుల మత్తుమందు కలిపిన గీత పనాయన దొరికిండు, నేరం ఒప్పుకున్నడు. ఇదీ వార్త. పట్టుకున్నది నా బిడ్డ.

మా హెడ్మాస్టరుకు ఒక కాపీ ఇచ్చిన. పక్కింటామెకు ఇచ్చిన. జాకెట్లు కుట్టే ఆమెకు ఇచ్చిన, ఆమెకు చదువు రాదు, అయినా ఇచ్చిన. పొద్దంత గట్లనే తిరిగిన.

మధ్యాహ్నం బడిల డబ్బా తెరిచి, బువ్వ తినుకుంట, మిగిలిన కాపీని నిమ్మలంగ చూసిన. అప్పటిదాక నా బిడ్డ మొఖమే చూసిన గని ఎనుక మనిషి దిక్కు చూడలే. ఆయన తల మీది తువ్వాల ఒక పక్కకు జారింది. తల నున్నగ గుండు. పై పెదవి మీద మీసం లేదు, మీసం ఉన్న జాగ తెల్లగ కనవడుతుంది.

నా చేతిల ముద్ద చేతిలనే ఉండిపోయింది.

మాది కొడిమ్యాల దిక్కు ఒక ఊరు. మేం గౌండ్లోళ్లం, మా నాయన కల్లుకు తాడిచెట్లెక్కేటోడు. మా నాయనమ్మ సచ్చిపోయిననాడు ఆయన గుండు, మీసం రెండూ తీయించుకోని వచ్చి, మోకు, కత్తి తీసి దర్వాజ పక్కన కొయ్యకు తగిలేసిండు. మోకంటే చెట్టుకు, మనిషికి కలిపి ఏసుకునే తాడు. పిండం పెట్టే పెద్దదినం అయ్యేదాక ఆయన దాన్ని ముట్టలే. మైలల ఉన్నోడు మోకు ముడితే చెట్టు వాన్ని పానంతోటి కిందికి దించదని మావోళ్ల నమ్మకం. ఒక్క ఇంటి పేరోళ్లందరికి అదే మైల, పాలోళ్లు గూడ ఎక్కొద్దు. కని తాడిచెట్టుకు మనింట్ల సావు సంగతి తెల్వదు గదా. దినాం గియ్యకుంటే గెల ఎండిపోతది, ఆ ఏడాది ఇంక కల్లు పారదు. అందుకని ఆడబిడ్డ నిచ్చిన దిక్కు నుంచో, పిల్లను తెచ్చుకున్న దిక్కు నుంచో ఒకలు వచ్చి ఆ చెట్లు ఎక్కుతరు. మా నాయనకు మా మేనమామ వచ్చిండు. పొద్దుగాల చెట్లెక్కి దిగి, కల్లు లొట్టి మా ఇంటి ముంగట పెట్టి, సప్పుడు జెయ్యకుండ పోయేటోడు. దానికి కూలి అడగొద్దు, ఇయ్యొద్దు. ఎవలు ఎక్కిండ్రో బయట చెప్పుకోవద్దు గూడ. చేసిన సాయం చెప్పుకుంటే సచ్చినోళ్లకు ముట్టదంటరు.

పేపర్ల మనిషికి మీసం లేదు. ఆయింట్ల ఎవలో పోయిండ్రు. మరి ఆయన చెట్టెట్ల ఎక్కిండు?

ఫోను జేసిన.

"ఏమే, నీ ఎనుక నిలవడ్డాయనకు ఎవలు సచ్చిపోయిండ్రు?"

"అమ్మా, డ్యూటీల ఉన్న."

"నేను గూడ డ్యూటీలనే ఉన్న. ఆయన గుండు జూసినవా?"

"జూసిన. గుండు కొట్టిచ్చుకునుడు నేరం గాదు. వేములవాడ పోయి మొక్కు తీర్చుకున్నడేమో."

"మొక్కుకు మీసం గూడ తీస్తరానె?"

నా బిడ్డ గూడ మాట మిగిలిచ్చుకునేది గాదు, నా కడుపుల పుట్టింది. "ఆయనే ఒప్పుకున్నడమ్మా. నా చెట్ల కల్లే, నేనే ఎక్కిన, నేనే గీసిన, నేనే తెచ్చి పోసిన, కలిపింది గూడ నేనే అన్నడు. కొట్టలే, తిట్టలే. కల్లు డిపో ఆయన గూడ ఈయన చెట్ల కల్లే అని చెప్పిండు. ఇంకేం గావాలె?" అన్నది.

"చెట్టెక్కనోడు ఎక్కిన అని ఎందుకు చెప్తుండో అది గావాలె," అన్న.

ఫోను పెట్టేసింది.

మా ఇంట్ల ఒక కట్టుబాటున్నది, పెట్టింది నేనే. బిడ్డకు నౌకరి వచ్చిననాడే మా ఆయనను కూసోపెట్టి చెప్పిన: ఇగ రేపటిసంది నీ దోస్తులు, నా సుట్టాలు, వాడకట్టోళ్లు అందరు వస్తరు. బండి ఇడిపియ్యమంటరు, కేసు తీపియ్యమంటరు. మన నోట్లె నుంచి ఒక్క పైరవి గూడ దాని చెవుల పడొద్దు. అప్పటిసంది పడలే. మా సొంత ఆడపడుచు కొడుకు హెల్మెటు లేక దొరికితే గూడ ఫైను కట్టుకొమ్మన్న. ఆమె ఏడాది దాక మా గడప తొక్కలే, నేను మస్తు నిమ్మలంగ ఉన్న.

అందుకనే సాయంత్రం మా ఆయన అడిగిండు, "నువ్వు జేసింది పైరవి గాదా?"

"గాదు. అది అడుగుడు. సోషల్ టీచరు అడుగకుంటే ఎవలు అడుగుతరు?"

"బడిల అడుగు. ఠాణను అడుగుతరా?"

"నేను ఠాణను అడుగలే, నా బిడ్డను అడిగిన."

ఆయన టీవీ సప్పుడు పెంచుకున్నడు. దుబాయి నుంచి తెచ్చుకున్న విద్య అదొక్కటే.

తెల్లారి లొల్లి ఇంకో దిక్కు తిరిగింది. మొన్న అరెస్టు చెయ్యాలని రోడ్డెక్కినోళ్లే ఇయ్యాల అరెస్టు అన్యాయమని ఎక్కిండ్రు. డిపో నడిపే కాంట్రాక్టరును ఇడిశి, చెట్టెక్కేటోన్ని పట్టిండ్రని గీత పనోళ్లంత ఠాణ ముంగట కూసున్నరు. ఫోనులల్ల నా బిడ్డ ఫోటో పెట్టి, గౌండ్లోళ్ల బిడ్డవయ్యుండి గౌండ్లోన్నే లోపలేస్తవా అని రాసిండ్రు. పేపరు పంచిన ఇండ్లల్లనే నన్ను చూసి తలుపులు దగ్గరికేసుకునుడు మొదలైంది. జాకెట్లు కుట్టే ఆమె ఒక్కతే మొఖం మీద అడిగింది: "ఏందక్కా, మొన్న బొమ్మ ఇచ్చినవ్, ఇయ్యాల ఏమియ్యవా?" సదువు రాకున్నా లోకం వార్తలు ఆమెకు అందరికన్న ముందే అందుతయి.

ఆ పొద్దు బడి నుంచి వచ్చేసరికి మా ఇంటి అరుగు మీద ఒక పడుసుమనిషి కూసున్నడు. మా తల్లిగారి ఊరోడే. వాళ్ల నాయన, మా నాయన జోడుగ చెట్లెక్కినోళ్లు. నన్ను జూసి లేశిండు.

"అక్కా, ఠాణల ఉన్నది మా బావ. మా అక్కనిచ్చినం. మా బావను కన్న అవ్వ సచ్చిపోయింది."

"మరి చెట్లెక్కింది?"

తల దించుకున్నడు. "నేనే."

"కల్లుల ఏం కలిపినవ్?"

"ఒట్టు అక్కా, నీళ్లు గూడ కలుపలే. సగం సావింట్ల పెట్టిన, సగం డిపోల పోసిన. సావింట్ల అందరు తాగిండ్రు. మా అక్క తాగింది, నేను తాగిన. ఎవలకూ ఏం గాలే."

నాకు ఒక్కసారే అంత సాఫుగ కనవడ్డది. ఒకటే లొట్టి కల్లు సావింట్ల మంచిగుండి డిపోల విషమైతే, మందు కలిసింది ఏడనో చెప్పనీకి పెద్ద చదువులు అక్కర లేదు.

"మరి ఈ ముచ్చట ఠాణల ఎందుకు చెప్పలేదురా?"

"బావ నాతోటి ఒట్టు పెట్టిచ్చుకున్నడు. నాకు దుబాయి వీసా అచ్చింది. కేసుల పేరు పడితే పోనియ్యరు గదా. పోలీసోళ్లు ఎవలు ఎక్కిండ్రు అని అడుగుతే బావ నేనే అన్నడు. మైలల సాయానికి అచ్చినోని పేరు ఠాణల చెప్తే మా అవ్వ ఆత్మ ఊకుంటదా అన్నడు." అని, గొంతు తగ్గించి, "నువ్వు మీ బిడ్డకు ఒక్క మాట చెప్తే..." అన్నడు.

ఇగ నా నోరు లేశింది.

"నేనెందుకు చెప్త? నీ నోట్లె నాలికె లేదా? నువ్వు ఇమానం ఎక్కుతవ్, మీ బావ జైలెక్కుతడు, ఆ ముసల్దాని పెద్దదినం నాడు పిండం ఎవలు పెడ్తరు? ఆమెకు ఇంకో కొడుకున్నడా?"

"ఒక్కడే."

"మరి?"

వాడు ఏడ్చిండు. మొగపిల్లలు ఏడుస్తే నాకు చూడబుద్ది గాదు, అట్లని తిట్టుడు గూడ ఆపలే. మా ఆయన లోపలి నుంచి చాయ్ తెచ్చి వాని చేతిల పెట్టి, "తాగు తమ్మీ. ఆమె తిట్టుడు అయినంక బస్సుకు పోదురుగని," అన్నడు. ఎవలం బస్సుకు పోతమో ఆయనకు నాకన్న ముందే తెలిసింది.

తెల్లారి బడికి సెలవు చెప్పి, వాన్ని తీస్కోని సిరిసిల్ల దిక్కు బస్సెక్కిన. ఠాణ గేటు దాక తీస్కపోయిన. లోపలికి మాత్రం పోలే. "పో. నేను తోల్కచ్చిన అని చెప్పకు. నా పేరు చెప్తే పైరవి అయితది. నీ పేరు చెప్తే సాక్ష్యం అయితది," అన్న. వాడు గేటు కాడ నిలవడి ఎనకకు చూసిండు. నేను కండ్లు పెద్దగ జేసిన. పోయిండు.

ఎదురుంగ చాయ్ హోటల్ల కూసున్న. ధర్నా చేసేటోళ్లు గూడ ఆ హోటల్లనే చాయ్ తాగుతున్నరు. నా పక్కనున్నాయన నా బిడ్డను తిడుతుండు. "లంచం తినిందమ్మా, డిపోవోని తాన తినకుంటే గిట్ల జేస్తదా?" అని నన్నే అడిగిండు. "తినలేదు, తిక్కతోటి జేసింది," అన్న. "నీకెట్ల తెలుసు?" అన్నడు. "కన్నదాన్ని," అన్న. ఆయన చాయ్ సగంల ఇడిశి లేశిపోయిండు.

పొద్దు నెత్తి మీదికి వచ్చినంక నా బిడ్డ బయటకు వచ్చింది. నన్ను జూసింది. రోడ్డు దాటి వచ్చి నా ముంగట నిలవడ్డది.

"నువ్వెందుకు అచ్చినవ్?"

"చాయ్ తాగనీకి."

"కోరుట్లల చాయ్ దొరుకుతలేదా?"

"గింత మంచిగ లేదు."

అది నవ్వలే. దాని కండ్ల కింద నల్లగైనయ్. "వాడు అంత చెప్పిండు," అన్నది. ఇంకేం చెప్పకుండ జీపెక్కి ఆ ఊరికి పోయింది.

అక్కడ ఏం జరిగిందో అదే తర్వాత నాకు చెప్పింది. సావింటికి ఇరుగు పొరుగు ఇండ్లల్ల అడిగిందట. కల్లు పోసిన పొద్దు ఆయన ఏడ ఉండె అని. ఒక్కరు తప్పకుండ చెప్పిండ్రట, ఇంట్లనే చాప మీద కూసుండె, లేవలే అని. మరి ముందుగాల ఎందుకు చెప్పలేదు అంటే, ఒక ముసలాయన, "నువ్వు అడుగలే గదా మేడం. అయినా నువ్వు గౌండ్లోళ్ల బిడ్డవు, మీసం జూస్తే నీకే ఎర్కైతది అనుకున్నం," అన్నడట.

కోరుట్లల పుట్టి, హాస్టళ్లల్ల పెరిగిన పిల్లకు మోకు సంగతి ఎట్ల తెలుస్తదని ఎవలన్న అనొచ్చు. అది అట్లనలే. "తెల్వకపోవుడు తప్పు గాదమ్మా. అడుగకపోవుడు తప్పు. ఆయన ఒప్పుకున్నడు అనంగనే నాకు పని తప్పిందని సంబరమైంది. ఆడనే ఆపేసిన," అన్నది.

ఆ సాయంత్రం అది కోరుట్లకు వచ్చి, యూనిఫాం గూడ ఇడువకుండ వంటింట్ల పీట మీద కూసున్నది. నేను జొన్నరొట్టె చేస్తున్న. పెద్దసారుకు అంత చెప్పిందట. ఆయన చెడ్డోడు గాదు, అది చెడ్డోడని చెప్పలే, నేనూ రాయను. కని ఆయన అన్న మాట ఇది: "ఒప్పుకున్నోన్ని మనమే తప్పని ఇడిశిపెడితే డిపార్టుమెంటు ఇజ్జతు ఏం గావాలె? బయట ధర్నా నడుస్తుంది, భయపడి ఇడిశిండ్రు అంటరు. చార్జిషీటు ఏసేటప్పుడు నిమ్మలంగ పేరు తీసేద్దాం. అందాక సబ్‌జైల్ల ఉండనీ. ఏం గాదు."

"అందాక అంటే?" అన్న.

"నెలలు."

"మరి ఆయన తల్లి దినాలు?"

ఆమె పెద్దదినం దగ్గరికి వచ్చింది. ఈ కొడుకు జైల్ల ఉంటే పాలోళ్లల్ల ఎవలో పెట్టాలె. కన్నతల్లికి కొడుకు చేతి ముద్ద ఒక్కసారే, మళ్ల పెడ్త అంటే లేదు.

"అమ్మా, ఏం జెయ్యాలె?" అన్నది.

పుట్టినప్పటిసంది నన్ను సలహా అడగని పిల్ల. అడుగకున్నా ఇచ్చే తల్లిని నేను. కని ఆ ఒక్కసారి నా నోట్లె మాట రాలే. ఎందుకంటే నోటి దాక వచ్చిన మాట "ఊకో బిడ్డా" అనేదే. ఎన్ని పరీక్షలు రాసింది, ఎండల ఎంత ఉరికింది, ఒక ఏడాది మెరిట్ల పోయి ఏడ్చి మళ్ల రాసింది. ఆ నౌకరి నా కండ్ల ముంగట పెనం మీది రొట్టె లెక్క కనవడ్డది, జర ఏమరితే మాడిపోతది. రొట్టెను తిప్పేసి, "నన్ను అడుగకు. నేను చెప్తే పైరవి అయితది," అన్న.

అది నన్ను చూసింది. నేను ఏం మింగిననో దానికి తెలిసింది. రొట్టె తిన్నది, ఇంకోటి ఎయ్యమన్నది, అది గూడ తిన్నది. చెయ్యి కడుక్కోని, "పోతున్న," అన్నది.

తెల్లారి అది కోర్టుల రిపోర్టు పెట్టింది. ఈ మనిషి మీద ఆధారం లేదు, ఒప్పుకున్న మాట నిజం గాదని నా విచారణల తేలింది, ఇడిశిపెడితే మాకు అభ్యంతరం లేదు. కోర్టు బయట పేపరోళ్లు సుట్టు ముట్టిండ్రు. ఇటువంటప్పుడు పోలీసోళ్లు చెప్పే మాట ఒకటుంటది, విచారణ నడుస్తుంది, ఇప్పుడే ఏం చెప్పలేం అని. జీపెక్కేదాక అదే చెప్తరు. నా బిడ్డ జీపు కాడ ఆగింది.

"ధర్నాకు భయపడి ఇడుస్తున్నరా మేడం?" అని ఒకాయన అడిగిండు.

"కాదు. అరెస్టు తప్పు. ఆ తప్పు నాది. ఆయన ఒప్పుకున్నడని నేను ఎతుకుడు బందు చేసిన. ఆయన ఏ నేరం చెయ్యలే. ఇది గూడ గంత పెద్దగనే రాయుండ్రి," అన్నది.

ఆ వీడియో మా ఆయన ఫోనుల నేను ఎన్నిసార్లు చూసిన్నో నాకే తెల్వదు. "ఆ తప్పు నాది" అన్నప్పుడు దాని గడ్డం కొంచెం పైకి లేస్తది. అచ్చం మా నాయన చెట్టెక్కే ముందు పైకి చూసినట్టు.

ఇడిశిపెట్టినాయన తల్లి పెద్దదినం నాడు నన్ను గూడ రమ్మని, నేను ఠాణకు తోల్కపోయిన బామ్మర్ది కబురు పెట్టిండు. పోయిన. ఊరు ఊరంత ఆయింటి ముంగటనే ఉన్నది. కొడుకు ముందటి పొద్దు మాపటికే ఇల్లు చేరిండట. తెల్లబట్టలేసుకోని, చెరువు గట్టు కాడికి పోయి, తల్లికి పెట్టాల్సింది పెట్టి వచ్చి, గోడకు ఒరిగి కూసున్నడు. బక్కమనిషి. పేపర్ల కన్న చిన్నగ కనవడ్డడు.

నా బిడ్డ జీపును ఊరి బయటనే ఆపి నడుసుకుంట వచ్చింది. యూనిఫాంలనే. ఆడోళ్లు పక్కకు జరిగి తోవ ఇచ్చిండ్రు గని నోర్లు జరుపలే.

"మళ్ల ఎవల్ని పట్టుకపోను అచ్చిందో."

"మీసం లేనోళ్లందరు లోపలికి పోండ్రయ్యా."

నాకు నవ్వు వచ్చింది, కోపం గూడ వచ్చింది. నేను కొంగు బిగించి నోరు తెరిచిన గని నా బిడ్డ నా దిక్కు ఒక్క చూపు చూసింది. మూసిన. అదే వారంల రెండోసారి. మా ఆయన ఉంటే పండుగ చేసుకునేటోడు.

అది పోయి ఆయన ముంగట నిలవడ్డది. టోపీ తీసి చేతిల పట్టుకున్నది.

"నేను నిన్ను అడుగకుండనే నమ్మిన. నీ తల్లి దినాలు గాకముందే నిన్ను ఎత్తుకపోయిన. తప్పయింది. నీకు చెప్పిన, నీ ఊరికి గూడ చెప్తున్న," అన్నది. ఊరంత వినేటట్టే అన్నది.

ఆయన అక్క గావచ్చు, ఒక ముసలామె దుఃఖం పట్టలేక, "మా అవ్వకు నీ మాట ఇనపడ్తదా బిడ్డా?" అన్నది.

నా బిడ్డ తల దించుకోలే. "ఇనపడదు అవ్వా. నువ్వు ఇను," అన్నది.

అప్పుడు ఆయన లేశిండు. "పిట్ట ముట్టింది," అన్నడు. పిట్టకు పెట్టిన బువ్వ గురించి. సచ్చినోళ్ల మనసుల ఏమన్న మిగిలితే పిట్ట ముట్టదు, అందరు గంటలు గంటలు ఎదురు చూస్తరు. "నువ్వు రాకముందుకే ముట్టింది మేడం. పెట్టంగనే అచ్చింది. మా అవ్వకు నీ మీద ఏం లేదు. నేను గూడ అబద్దం చెప్పిన గదా నీకు. ఇద్దరిది సరికి సరి."

"నీది సరి గాదు. నువ్వు ఒకలను కాపాడనీకి చెప్పినవ్," అన్నది నా బిడ్డ.

"మంచిది. నువ్వే గెలిచినవ్. బువ్వ తిను," అన్నడాయన. జనంల నుంచి ఎవలో నవ్విండ్రు. బిగిసిపోయి ఉన్న వాకిలి జర వదులైంది.

మైల ఇడిసింది గాబట్టి ఆయన పొద్దూకే ముందు మోకు తీసుకున్నడు. ఇంటెనుక చెట్టు కాడికి నడిచిండు. అందరం ఎంబడి పోయినం. చెట్టుకు మొక్కి, మోకు ఏసి, ఎక్కిండు. కింద బామ్మర్ది నిలవడి తల పైకెత్తి చూస్తుండు. లొట్టి దించుకోని వచ్చి, ముందుగాల తల్లి పేరు మీద మన్నుల ఇంత సాక పోసిండు. తర్వాత లొట్టి పట్టుకోని సుట్టు చూసిండు.

ఒక్కరు ముందుకు రాలే.

తిట్టుడు లేదు, పగ లేదు, ఉట్టి భయం. పేపర్ల పడ్డది గదా, ఈయన కల్లు తాగి పడిపోయిండ్రని. తప్పని నా బిడ్డ కోర్టుల చెప్పింది, ఊర్లె చెప్పింది, వాళ్లు నమ్మిండ్రు గూడ. కని నోరు నమ్ముడు ఏరు, కడుపు నమ్ముడు ఏరు. ఆయన చేతిల లొట్టి గట్లనే ఉన్నది. నా బిడ్డ మొఖం చూసిన. జైలు తలుపు తెరిపిచ్చింది గని ఈ లొట్టి కాడ ఏం జెయ్యాల్నో దానికి తోస్తలేదు. యూనిఫాంల ఉండి అది తాగరాదు.

నాకు యూనిఫాం లేదు.

ముందుకు పోయి, తాటాకు దొప్ప అందుకోని, రెండు చేతులతోటి పట్టి, "పొయ్యి తమ్మీ," అన్న. "పిల్లలకు పాఠాలు చెప్పేటామె కల్లు తాగుతదా?" అని ఎనుక ఎవలో అన్నరు. "చెప్పి చెప్పి గొంతు ఎండింది. నిండ పొయ్యి," అన్న. పోసిండు. తియ్యగ ఉన్నది. ఎన్నేండ్లయిందో నేను తాగక. మా నాయన ఇంటి ముంగట కూసున్నట్టే అనిపిచ్చింది. ఖాళీ దొప్ప తలకిందులు జేసి అందరికి చూపిచ్చిన. నా ఎనుక ఆ ముసలామె వచ్చి దొప్ప పట్టింది. ఆమె ఎనుక, "మీసం లేనోళ్లు లోపలికి పోండ్రి" అన్నామె. ఇగ లొట్టి సరిపోలే.

ఊరి బయట జీపు దాక ఇద్దరం నడిచినం.

"నీ నోరు వాసనొస్తుంది," అన్నది నా బిడ్డ.

"నా నోరు ఎప్పుడు మంచిగుండె గనుక?"

జర దూరం పోయినంక అన్నది, "మెమో వస్తది అమ్మా. ఈ ఠాణ గూడ ఉండదు."

"రానీ. ఫ్రేము కట్టిస్త."

వచ్చింది. దానికన్న ముందుగాల అది డిపో సోదా చేసి, మత్తుమందు దొరికిచ్చుకోని, కాంట్రాక్టరు మీద కేసు కట్టింది. ఆ కేసు కోర్టుల నడుస్తుంది. నా బిడ్డను మాత్రం ఆ ఠాణ నుంచి తీసి ఆఫీసుల కూసోపెట్టిండ్రు. కొన్ని దినాలకు మళ్ల ఏదో ఒక ఠాణ ఇస్తరట. బామ్మర్ది దుబాయి పోయిండు. పోయేముందు మా ఇంటికి వచ్చి మా ఆయనతోటి చాయ్ తాగి, అక్కడి ముచ్చట్లు అడిగి తెలుసుకోని పోయిండు. నా తిట్లు గూడ కొన్ని తీస్కపోయిండు.

సర్కారు కాయితం గోడకు కట్టొద్దని నా బిడ్డ గట్టిగ చెప్పింది, అందుకని మెమో కట్టలే. నేను కట్టింది పేపరు ముక్క. పెద్దగ రాయమన్నది గదా అది, వాళ్లు లోపలి పేజీల, ఎరువుల ప్రకటన కింద, అరచేతంత రాసిండ్రు. ఫోటో గూడ ఎయ్యలే. ఆ వార్త కోసం మళ్ల బస్టాండుకు పోయి ఉన్న కాపీలన్నీ కొన్న. మొదటిసారి పంచిన ప్రతి ఇంటికి పోయి మళ్ల పంచిన. దగ్గరికేసిన తలుపులు కొట్టి మరీ ఇచ్చిన.

జాకెట్లు కుట్టే ఆమె అటు ఇటు తిప్పి చూసింది. "దీంట్ల బొమ్మ లేదేందక్కా? ఏం రాసిండ్రు?"

"మా బిడ్డ తప్పు చేసిందని రాసిండ్రు," అన్న.

"ఎవలు చెప్పిండ్రట?"

"అదే చెప్పింది."

ఆమె మిషను ఆపింది. ఆ పేపరు ముక్కను మడిచి, దేవుని పటం ఎనుక పెట్టుకున్నది.